తీర్మానం కోసం జైలుకెళ్లిన కౌన్సిలర్లు: లండన్‌లోని పాప్లర్ బరో కథ



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అనే లెక్కలు ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి. నేను మాత్రం వేరే దేశపు లెక్క ఒకటి చెబుతాను. నూరేళ్ల కిందట లండన్‌లో పాప్లర్ అనే పేదల పేటలో ఉన్న కౌన్సిల్ వాళ్లు మీటింగులో ఒక తీర్మానం చేశారు. ఆ తీర్మానం వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. దానికోసం ముప్పై మంది జైలుకు వెళ్లారు. వాళ్లలో ఐదుగురు ఆడవాళ్లు.

మన మీటింగుల్లో "తీర్మానంలో ఏముందిలే అక్కా, సంతకం పెట్టేస్తే సరి" అనే మాట అప్పుడప్పుడు వింటూనే ఉంటాం. తీర్మానం అంటే ఏమిటో, దానికి ఎంత బలం ఉంటుందో తెలియాలంటే పాప్లర్ చరిత్ర తెలుసుకోవాలి. అంతకుముందు అసలు బరో కౌన్సిల్ అంటే ఏమిటో, అందులో ఎవరెవరు ఉంటారో చూద్దాం.

బరో అంటే ఏమిటి

మనకు పంచాయతీ, మున్సిపాలిటీ ఉన్నట్టే ఇంగ్లాండులో పట్టణాలకు బరోలు ఉన్నాయి. ఇది చాలా పాత మాట. మొదట్లో గోడ కట్టుకున్న ఊరికి ఆ పేరు ఉండేది. తర్వాత రాజుగారి దగ్గర హక్కు పత్రం తెచ్చుకుని తమ వ్యవహారాలు తామే చూసుకునే పట్టణాన్ని బరో అన్నారు. చాలా కాలం వరకు ఆ కౌన్సిళ్లు కొద్దిమంది డబ్బున్నవాళ్ల చేతిలోనే ఉండేవి. ఒకరు చనిపోతే మిగిలినవాళ్లే ఇంకొకరిని తెచ్చి కూర్చోబెట్టేవాళ్లు. 1835లో ఒక చట్టం వచ్చి 178 బరోల్లో ఇంటి పన్ను కట్టేవాళ్లే కౌన్సిలర్లను ఎన్నుకోవాలని పెట్టింది. అయితే ఆ ఓటు మగవాళ్లకే.

ఈ పద్ధతి మన దక్షిణాదికి కూడా వచ్చింది. 1688లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వాళ్లు కార్పొరేషన్ పెట్టినప్పుడు ఇంగ్లాండులో లాగానే మేయరు, ఆల్డర్‌మెన్ అని ఏర్పాటు చేశారు. మనం ఇప్పుడు వాడే మేయర్, కౌన్సిలర్, వార్డు అనే మాటలు అక్కడి నుంచి వచ్చినవే.

ఆడవాళ్ల సంగతికి వస్తే, 1869లో సొంతంగా పన్ను కట్టే ఆడవాళ్లకు పట్టణ ఎన్నికల్లో ఓటు వచ్చింది. మూడేళ్లకే కోర్టు తీర్పుతో అది పెళ్లికానివాళ్లకూ, భర్త పోయినవాళ్లకూ మాత్రమే అయింది. పెళ్లయితే ఓటు పోయేది. ఇక కౌన్సిలర్‌గా కూర్చునే హక్కు 1907 చట్టంతో గానీ రాలేదు. 1918లో ముప్పై ఏళ్లు దాటిన భార్యలకు కూడా స్థానిక ఎన్నికల్లో ఓటు ఇచ్చారు. ఆ మరుసటి సంవత్సరం, అంటే 1919లో జరిగిన ఎన్నికల నుంచే మన కథ మొదలవుతుంది.

కౌన్సిల్లో ఎవరెవరు ఉండేవాళ్లు

1899 చట్టం ప్రకారం లండన్ నగరాన్ని 28 బరోలుగా విడదీశారు. అందులో ఒకటి పాప్లర్. థేమ్స్ నది ఒడ్డున, ఓడరేవుల పక్కన ఉండే పేట. మన దేశం నుంచి సరుకు మోసుకెళ్లిన ఓడలు ఆగే ఈస్టిండియా డాక్స్ కూడా అక్కడే. జనాభా సుమారు లక్షా అరవై వేలు. ఎక్కువమంది ఓడల్లో సరుకు దించే కూలీలు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే మేస్త్రీ ఎవరిని పిలిస్తే వాళ్లకే ఆ పూట పని. అడ్డా మీద కూలీల పరిస్థితి మనకు తెలిసిందే కదా, అదీ అంతే.

పాప్లర్ కౌన్సిల్లో వార్డుల నుంచి ఎన్నికైన కౌన్సిలర్లు 42 మంది. మూడేళ్లకోసారి ఎన్నికలు. ఈ కౌన్సిలర్లు కలిసి ఏడుగురు ఆల్డర్‌మెన్‌ను ఎన్నుకునేవాళ్లు. వాళ్లకు ఆరేళ్ల పదవి. అనుభవం ఉన్న పెద్దలు కొందరు ఎప్పుడూ కౌన్సిల్లో ఉండాలని ఆ ఏర్పాటు. మేయర్‌ను కూడా కౌన్సిలే ఏడాదికోసారి ఎన్నుకునేది. మేయర్ మీటింగుకు అధ్యక్షత వహిస్తాడు, మెడలో గొలుసు వేసుకుంటాడు, కానీ ఒక్కడే ఏదీ నిర్ణయించలేడు. రికార్డులు, ఉత్తరాలు, చట్టం సంగతులు చూడటానికి జీతం మీద టౌన్ క్లర్క్ ఉండేవాడు. ఇంజనీరు, ఆరోగ్య అధికారి కూడా జీతం వాళ్లే. జీతం వాళ్లు సలహా చెబుతారు, నిర్ణయం మాత్రం ఎన్నికైనవాళ్లదే.

పని అంతా కమిటీల్లో జరిగేది. ఆరోగ్యానికి ఒక కమిటీ, రోడ్లు, పనులకు ఒకటి, ఇళ్లకు ఒకటి, డబ్బుకు ఫైనాన్స్ కమిటీ. కమిటీ కూర్చుని చర్చించి, తన రిపోర్టు పెద్ద మీటింగుకు పంపుతుంది. అక్కడ కౌన్సిల్ మొత్తం దాన్ని ఒప్పుకోవచ్చు, మార్చవచ్చు, తిప్పి పంపవచ్చు. చేతులెత్తి ఓటు వేస్తారు. ఎక్కువమంది ఎటు ఉంటే అది తీర్మానం. మినిట్స్ రాస్తారు. 50 పౌన్లు దాటిన ఖర్చు ఏదైనా ఫైనాన్స్ కమిటీ అంచనా ఇచ్చాక, కౌన్సిల్ తీర్మానం చేశాకే చేయాలని చట్టంలోనే ఉంది. మన గ్రామ సంఘంలో సబ్ కమిటీ చూసి, ఈసీ మీటింగులో పెట్టి, తీర్మానం రాసి, అప్పుడు చెక్కు రాసినట్టే.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చేది

ఇక్కడే అసలు గొడవ ఉంది, కాస్త ఓపికగా చదవండి.

బరోకు ముఖ్య ఆదాయం ఇంటి పన్ను. ఆ ఇల్లు ఏడాదికి ఎంత అద్దె వస్తుందో విలువ కట్టి, పౌనుకు ఇన్ని పెన్నీలు అని పన్ను వేసేవాళ్లు. అప్పట్లో పౌనుకు 240 పెన్నీలు. ఒక ఇంటి విలువ 20 పౌన్లు అనుకుందాం. పౌనుకు ఒక పెన్నీ పన్ను అంటే ఆ ఇంటివాళ్లు ఏడాదికి 20 పెన్నీలు కట్టాలి.

ఇళ్లన్నీ చిన్నవైతే? పాప్లర్ అంతటా ఒక పెన్నీ పన్ను వేస్తే వచ్చేది సుమారు 3,500 పౌన్లు. అదే పెద్ద పెద్ద బంగ్లాలు, దుకాణాలు ఉండే వెస్ట్‌మినిస్టర్ బరోలో ఒక పెన్నీ వేస్తే సుమారు 30,000 పౌన్లు వచ్చేవి. పాప్లర్ ఎనిమిది పెన్నీలు వేసినా వెస్ట్‌మినిస్టర్ ఒక పెన్నీకి సాటి రాదు.

ఖర్చు మాత్రం తిరగబడి ఉండేది. ఏ పేట పేదలను ఆ పేటే పోషించుకోవాలని అప్పటి చట్టం. పని లేనివాళ్లకు, ముసలివాళ్లకు, భర్త లేని ఆడవాళ్లకు ఇచ్చే సాయం ఖర్చు ఆ బరో ఇంటి పన్ను నుంచే రావాలి. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక 1920, 1921లో పని దొరకని కూలీలు ఎక్కువైపోయారు. పేదలు ఎక్కువ ఉన్న పేటకు ఖర్చు ఎక్కువ, ఆదాయం తక్కువ. డబ్బున్నవాళ్ల పేటకు ఖర్చు తక్కువ, ఆదాయం ఎక్కువ.

దీనికి తోడు ఇంకొకటి. లండన్ మొత్తానికి పనిచేసే నాలుగు పెద్ద సంస్థలు ఉండేవి: లండన్ కౌంటీ కౌన్సిల్, పోలీసు, ఆసుపత్రులు చూసే అసైలమ్స్ బోర్డు, నీళ్ల బోర్డు. ఇవి జనం దగ్గరకు నేరుగా రావు. "మీ వాటా ఇంత, వసూలు చేసి పంపండి" అని బరోకు చీటీ పంపుతాయి. బరో తన పన్నుతో పాటు దాన్ని కూడా వసూలు చేసి కట్టాలి.

1921 మార్చి తీర్మానం

1919 ఎన్నికల్లో పాప్లర్ 42 సీట్లలో 39 లేబర్ పార్టీ గెలిచింది. గెలిచినవాళ్లలో రేవు కూలీలు, రైల్వే పనివాళ్లు, ఇళ్లు చూసుకునే ఆడవాళ్లు ఉన్నారు. జార్జ్ లాన్స్‌బరీ అనే నాయకుడు మేయర్ అయ్యాడు. వాళ్లు ఇళ్లు కట్టడం మొదలుపెట్టారు, తల్లీబిడ్డల ఆరోగ్యం మీద ఖర్చు పెట్టారు. 1920లో కౌన్సిల్ దగ్గర పనిచేసే పెద్దవాళ్లందరికీ వారానికి కనీసం నాలుగు పౌన్ల కూలి అని నిర్ణయించారు. మగవాళ్లకూ నాలుగే, ఆడవాళ్లకూ నాలుగే. నూరేళ్ల కిందటి మాట ఇది.

1921 మార్చి వచ్చేసరికి ఆ ఏడాది పన్ను ఎంత వేయాలో నిర్ణయించాల్సిన సమయం వచ్చింది. కౌన్సిల్ ముందు మూడు దారులు ఉన్నాయి. పన్ను బాగా పెంచడం ఒకటి, అప్పుడు పేదవాళ్లే ఇంకా పేదవాళ్ల కోసం కట్టాలి. పని లేనివాళ్లకు ఇచ్చే సాయం కోసేయడం రెండోది. మూడో దారి, తమ బరో ఖర్చుకూ పేదల సాయానికీ కావలసినంత మాత్రమే పన్ను వేసి, ఆ నాలుగు సంస్థల వాటా వసూలు చేయకపోవడం.

కౌన్సిల్ మూడో దారి పట్టింది. దొంగతనంగా కాదు, మీటింగు పెట్టి, చర్చించి, ఓటు వేసి, మినిట్స్‌లో రాసుకుని మరీ చేశారు. డబ్బున్న బరోలు కూడా పేదల ఖర్చులో పాలు పంచుకునే వరకు మేము ఈ వాటా కట్టం అన్నారు. అది చట్టానికి విరుద్ధమని వాళ్లకు తెలుసు.

కౌంటీ కౌన్సిల్, అసైలమ్స్ బోర్డు కోర్టుకు వెళ్లాయి. 1921 జూలై 29న హైకోర్టులో కేసు. ఆ రోజు కౌన్సిలర్లు పాప్లర్ నుంచి కోర్టు దాకా నడిచే వెళ్లారు. ముందు బ్యాండు, మెడలో గొలుసుతో మేయర్ శామ్ మార్చ్, వెనక కౌన్సిలర్లు, వాళ్ల వెనక సుమారు రెండు వేల మంది జనం. మేము హైకోర్టుకు పోతున్నాం, అట్నుంచి అటే జైలుకైనా పోవచ్చు అనే అర్థం వచ్చేటట్టు బ్యానరు రాసుకున్నారు. కోర్టు కట్టమంది. వాళ్లు కట్టలేదు. సెప్టెంబరు 1 నుంచి అరెస్టులు మొదలయ్యాయి.

ఆ ఐదుగురు ఆడవాళ్లు

మగవాళ్లను బ్రిక్స్‌టన్ జైలుకు, ఆడవాళ్లను హాలోవే జైలుకు పంపారు. ఎన్ని రోజులు అని శిక్ష వేయలేదు. కోర్టు మాట వినేదాకా అంతే.

జూలియా స్కర్ అంతకుముందే 1914లో తూర్పు లండన్ శ్రామిక స్త్రీలను వెంటబెట్టుకుని వెళ్లి, మాకు ఓటు కావాలని ప్రధానమంత్రితో మాట్లాడిన మనిషి. నెల్లీ క్రెసాల్ లాండ్రీలో పనిచేసి వచ్చిన ఆమె, పిల్లల తల్లి. అరెస్టు నాటికి మళ్లీ గర్భిణి. సూసన్ లారెన్స్ కలిగినవాళ్ల ఇంటి బిడ్డ. మొదట ఆమె ఇంకో పార్టీ. బడులు ఊడ్చి కడిగే ఆడవాళ్లకు ఇచ్చే కూలి చూసి బాధపడి, ఆ పార్టీ వదిలి లేబర్‌లోకి వచ్చింది. మిన్నీ లాన్స్‌బరీ వలస వచ్చిన యూదుల కుటుంబంలో పుట్టింది, టీచరుగా పనిచేసింది, పాప్లర్‌లో ఆల్డర్‌మన్ అయింది. ఆమె భర్త కూడా కౌన్సిలరే, ఆయనా జైలుకు వెళ్లాడు. ఐదో ఆమె జెన్నీ మెకే.

ఒకామె టీచరు, ఒకామె లాండ్రీ పని, ఒకామె కలిగిన ఇంటి పిల్ల. ఒకే తీర్మానం కింద నిలబడ్డారు.

జైల్లో కూడా వాళ్లు కౌన్సిల్ పని ఆపలేదు. బరో పనులు ఆగిపోతున్నాయి, మాకు మీటింగు పెట్టుకునే వీలు ఇవ్వండి అని పట్టుబట్టారు. చివరికి ప్రభుత్వం ఒప్పుకుంది. హాలోవే నుంచి ఆడవాళ్లను బ్రిక్స్‌టన్ జైలుకు తీసుకొచ్చేవాళ్లు, అక్కడే అందరూ కూర్చుని మీటింగు పెట్టేవాళ్లు. అలా జైలు లోపల ముప్పైకి పైగా మీటింగులు జరిగాయి. మినిట్స్ కూడా రాశారు. మన పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశాలు. వాన వచ్చిందనో, పొలం పని ఉందనో మనం మీటింగు వాయిదా వేస్తాం. వీళ్లు జైల్లో ఉండి కూడా వాయిదా వేయలేదు.

బయట జనం జైలు గోడల దగ్గరికి వచ్చి పాటలు పాడేవాళ్లు. పక్కనే ఉన్న బెత్నల్ గ్రీన్, స్టెప్నీ బరోలు కూడా మేమూ వాటా కట్టం అని తీర్మానం చేశాయి. గర్భిణిని జైల్లో పెట్టారని పేరు చెడటంతో నెల్లీ క్రెసాల్‌ను మిగిలినవాళ్ల కంటే ముందే వదిలేశారు. అక్టోబరు 12న అందరినీ విడుదల చేశారు. సుమారు ఆరు వారాలు.

గెలిచింది ఏమిటి, పోయింది ఏమిటి

ఆ తర్వాతి నెలలోనే, 1921 నవంబరులో, పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పేదలకు ఇచ్చే సాయం ఖర్చును లండన్ బరోలన్నీ కలిసి భరించాలని అందులో పెట్టారు. వెస్ట్‌మినిస్టర్ డబ్బు పాప్లర్ పేదలకు వచ్చింది. కౌన్సిల్ కోరుకున్నది అదే.

కానీ అన్నీ గెలవలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. మిన్నీ లాన్స్‌బరీకి విడుదలైన మూడు నెలల్లోపే ఫ్లూ వచ్చింది, అది న్యుమోనియా అయింది. 1922 జనవరి 1న చనిపోయింది. వయసు 32 ఏళ్లు. లండన్‌లోని బో రోడ్డులో ఆమె జ్ఞాపకంగా పెట్టిన గడియారం ఉంది.

నాలుగు పౌన్ల సమాన కూలి కూడా నిలవలేదు. ప్రభుత్వ ఆడిటర్ వచ్చి, బయట ధరలు, కూలి రేట్లు తగ్గినా మీరు తగ్గించలేదు, ఇది జనం డబ్బును వృథా చేయడమే అన్నాడు. ఎక్కువ ఇచ్చిన దానిలో 5,000 పౌన్లు కౌన్సిలర్లే సొంతంగా కట్టాలని రాశాడు. కేసు పై కోర్టులకు పోయింది. 1925లో దేశంలో అన్నిటికంటే పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆడిటర్ వైపే తీర్పు ఇచ్చింది. ఆడా మగా సమానం చేయాలనే ఆశతో కౌన్సిల్ డబ్బు ఖర్చు పెట్టడం తప్పు అన్నట్టు అందులో ఒక జడ్జి రాశాడు. ఒకే పనికి ఒకే కూలి అని ఆడవాళ్లు కూర్చున్న కౌన్సిల్ రాసుకుంటే, దాన్ని పెద్ద కోర్టు అలా కొట్టేసింది. ఈ తీర్పు ఇప్పటికీ అక్కడ లా చదివేవాళ్లకు పాఠంగా చెబుతారు.

ఆ ఆడవాళ్లు మాత్రం ఆగలేదు. సూసన్ లారెన్స్ 1923లో పార్లమెంటు సభ్యురాలు అయింది. జైల్లో గర్భిణిగా ఉన్న నెల్లీ క్రెసాల్ 1943లో అదే పాప్లర్‌కు మేయర్ అయింది.

ఇప్పుడు అక్కడ ఎలా ఉంది

1965లో పాప్లర్, స్టెప్నీ, బెత్నల్ గ్రీన్ మూడింటినీ కలిపి టవర్ హామ్లెట్స్ అనే ఒక బరో చేశారు. ఇప్పుడు లండన్‌లో 32 బరోలు, పాత సిటీ ఒకటి. ఆల్డర్‌మెన్ పద్ధతి బరోల్లో ఎత్తేశారు. నాలుగేళ్లకోసారి ఎన్నికలు. టవర్ హామ్లెట్స్‌లో 20 వార్డులు, 45 మంది కౌన్సిలర్లు. మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకుంటారు. చాలా బరోల్లో మాత్రం కౌన్సిలర్లు తమలో ఒకరిని లీడర్‌గా ఎన్నుకుంటారు.

రోజువారీ నిర్ణయాలు మేయర్ లేదా లీడర్, కొద్దిమంది కౌన్సిలర్ల క్యాబినెట్ తీసుకుంటారు. వాళ్ల మీద కన్నేసి ఉంచడానికి మిగిలిన కౌన్సిలర్లతో పరిశీలన కమిటీ ఉంటుంది. క్యాబినెట్ నిర్ణయం బాగాలేదనుకుంటే మళ్లీ ఆలోచించమని వెనక్కి పంపగలదు. ఏడాది బడ్జెట్, పన్ను ఎంత అన్నది మాత్రం కౌన్సిలర్లందరూ కూర్చున్న పూర్తి మీటింగులోనే ఓటు వేసి ఒప్పుకోవాలి. మీటింగుకు మామూలు జనం వచ్చి కూర్చుని వినవచ్చు. పోలీసు, ఫైరింజను ఖర్చులకు లండన్ మొత్తం సంస్థ వాటాను ఇప్పటికీ బరోనే పన్నుతో కలిపి వసూలు చేసి పంపుతుంది. పాప్లర్ వాళ్లు కట్టనన్న పద్ధతి అలాగే ఉంది, దాని వెనక ఉన్న అన్యాయపు లెక్క మాత్రం మారింది.

మనం గుర్తుపెట్టుకోవలసింది

వాటాలు కట్టడం మానేయమని నేను చెప్పడం లేదు అక్కా. మన అప్పు మనం తీర్చుకోవాలి, అది మన సంఘం మాట. పాప్లర్ వాళ్లు కూడా లెక్క ఎగ్గొట్టలేదు, లెక్క తేల్చమన్నారు. ఏ పెన్నీ ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరికి పోతోంది, ఎవరి మీద భారం పడుతోంది అని ముందు వాళ్లు అర్థం చేసుకున్నారు. అందుకే కోర్టులో నిలబడి మాట్లాడగలిగారు. సంతకం పెట్టి లోపల ఏముందో తెలియనివాళ్లు ఆరు వారాలు కాదు, ఆరు గంటలు కూడా జైల్లో నిలబడలేరు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. మన సంఘాల నుంచే ఎంతోమంది సర్పంచులు, వార్డు మెంబర్లు అయ్యారు. వాళ్లలో కొందరి మీటింగుకు భర్తలు వెళ్లి కూర్చుంటున్న సంగతి మనకు తెలియనిది కాదు. పాప్లర్‌లో మిన్నీ భర్త కూడా కౌన్సిలరే. కానీ ఆమె సీటు ఆమెదే, ఆమె ఓటు ఆమెదే, చివరికి ఆమె జైలు కూడా ఆమెదే.

అందుకని ఈ ఏడాది ప్రతి గ్రామ సంఘంలో ఒక పని చేద్దాం. సంతకాల పుస్తకం చుట్టూ తిప్పే ముందు ఆ తీర్మానాన్ని ఒక అక్క పైకి చదవాలి. చదవడం రానివాళ్లకు అర్థమయ్యేలా ఇంకోసారి చెప్పాలి. డబ్బు ఎంత, ఎవరి దగ్గర నుంచి, ఎవరికి అని ఒకరైనా అడగాలి. అడిగినవాళ్లను విసుక్కోవద్దు. ఆ తర్వాతే సంతకమైనా, వేలిముద్రైనా. మీ ఊళ్లో గ్రామసభ పెట్టినప్పుడు కూడా వెళ్లి, పంచాయతీ తీర్మానం ఏముందో అలాగే చదివి వినిపించమని అడగండి. అది వినే హక్కు మనకుంది.